పాతిపెట్టిన మందుపాతర లొంగిపోదు

2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా అంబేలి వద్ద రోడ్డు కింద పేలిన మందుపాతరకు ఎనిమిది మంది జవాన్లు, వాహన డ్రైవర్ బలయ్యారు. అదే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మన సరిహద్దులోని కర్రెగుట్టల్లో 21 రోజులు సాగిన గాలింపులో బలగాలు 450 ఐఈడీలను వెలికితీశాయి. సీఆర్‌పీఎఫ్ జాగిలం ‘రోలో’ అక్కడే తేనెటీగల దాడిలో ప్రాణం విడిచింది.

మందుపాతర జాడ తీయడంలో జాగిలాన్ని మించిన సాధనం నేటికీ లేదు. కానీ అది బస్తర్ ఎండకు త్వరగా అలసిపోతుంది. శిక్షణకు నెలలు పడుతుంది. ప్రతి గస్తీ బృందానికీ ఒకదాన్ని ఇవ్వలేం. ఈ లోటు పూడ్చే దారి ఒకటి జంతువుల ముక్కులోనే ఉంది.

క్షీరదాల ముక్కు జిగురులో, కీటకాల మీసాల్లో ‘ఒడరెంట్ బైండింగ్ ప్రొటీన్లు’ ఉంటాయి. గాలిలో తేలివచ్చే వాసన అణువులను ఇవి తమ లోపలి గుంతలో పట్టుకుంటాయి. 1980ల తొలినాళ్లలో వీటిని చిమ్మటల మీసాల్లో, ఆవుల ముక్కులో గుర్తించారు. వేడిని బాగా తట్టుకుంటాయి. బ్యాక్టీరియాలో పెంచి తక్కువ ఖర్చుతో తయారు చేయవచ్చు. జన్యుమార్పుతో ఆ గుంతను కోరిన అణువుకు సరిపోయేలా మలచవచ్చు. చిప్‌పై అతికిస్తే, అణువు చిక్కగానే సంకేతం మారుతుంది.

అయితే తొందరపాటు వద్దు. గాలిలో టీఎన్‌టీ ఆవిరి వంద కోట్లలో కొన్ని పాళ్లే ఉంటుంది. ఆర్‌డీఎక్స్‌ది అంతకంటే ఎంతో తక్కువ. పైగా ఒక్కో ప్రొటీన్ పలు రకాల వాసనలకు స్పందిస్తుంది. అందుకే గాలిని పీల్చి ఆవిరిని చిక్కబరచే ఏర్పాటు, అనేక ప్రొటీన్ల స్పందనను కలిపి చదివే వ్యవస్థ తప్పనిసరి. ఐఐటీ బాంబేలో పుట్టిన సంస్థ 2021లో తెచ్చిన నానోస్నిఫర్, పేలుడు పదార్థాల ఆనవాళ్లను 10 సెకన్లలోపే పట్టి స్వదేశీ సత్తా చూపింది. అడవి బాటకు పనికొచ్చే పరికరం దాని తర్వాతి మెట్టు.

ఆ పనికి భిలాయ్ తగిన చోటు. ఇక్కడి ఉక్కు కర్మాగారం రేపటి అవసరాలకు రావ్‌ఘాట్ ఖనిజంపైనే ఆశ పెట్టుకుంది. దానికోసం దల్లీ రాజ్‌హరా నుంచి రైలు మార్గాన్ని సాయుధ బలగాల కాపలాలో వేయాల్సి వచ్చింది. ఊళ్లోనే ఐఐటీ ఉంది. కాంకేర్‌లో జంగిల్ వార్‌ఫేర్ కళాశాల ఉంది. ప్రొటీన్ పరిశోధనకు హైదరాబాద్ సీసీఎంబీ, పేలుడు పదార్థాల పరిజ్ఞానానికి పుణేలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఉన్నాయి. రక్షణ, హోం శాఖలు వీటన్నింటినీ ఒకే కార్యక్రమం కిందకు తేవాలి. పరీక్ష ఏసీ గదిలో కాదు, బస్తర్ తేమలో, దుమ్ములో, ఇప్పపూల వాసనలో జరగాలి. పాతిన ఒకే మందుపాతరను జాగిలం, పరికరం విడివిడిగా వెతకాలి. ఎన్నిసార్లు పట్టిందో కాదు, ఎన్నిసార్లు తప్పిందో ముందు లెక్క తేలాలి. అది తేలకుండా టెండర్లు పిలవకూడదు.

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. తుపాకీ పట్టినవాడు లొంగిపోవచ్చు. మట్టిలోని మందుపాతర లొంగిపోదు. ఇప్పపూలకు, తునికాకుకు అడవిలోకి వెళ్లే ఆదివాసీ కాలి కింద అది ఏళ్ల తర్వాతైనా పేలుతుంది. పోరు ముగిశాక నిధులు ఆపేస్తే, ఆ మూల్యం చెల్లించేది వాళ్లే.