వెతికినవాడికి నిజం ముందు దొరకాలి

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతంలో గల్ఫ్ ముఖం చూడని ఊరు దాదాపు లేదు. ఒకప్పుడు దుబాయి కబురు తెలిసినవాళ్ల నోటి మాటగా వచ్చేది. ఇప్పుడు ఆ వెతుకులాట చాలావరకు చేతిలోని ఫోన్‌లోనే మొదలవుతోంది. దుబాయిలో డ్రైవర్ కొలువు, ఖతర్ వీసా ఖర్చు, ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అని గూగుల్‌ను అడుగుతారు. పైన కనిపించిన రెండు మూడు ఫలితాలే తెరుస్తారు, రెండో పేజీకి వెళ్లేవాళ్లు అరుదు. అలాంటప్పుడు సెర్చ్‌లో ఏది ముందు కనిపించాలన్నది వ్యాపారుల గొడవగా వదిలేయదగ్గ విషయం కాదు. తాళి తాకట్టు పెట్టి పైసలు కట్టే ఇంటికి అది బతుకు ప్రశ్న. అందుకే ఆ ముందు వరుసలో నిజం ఉండేలా చూడటం ప్రభుత్వ కార్యాలయాల, స్థానిక సంస్థల బాధ్యత అని నా వాదన.

ఆ నిజం ఏమిటో చూద్దాం. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాలకు కార్మికులను పంపే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ పరిధిలోని ప్రొటెక్టర్ జనరల్ వద్ద నమోదై ఉండాలి. అలా నమోదైనవారి జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. కార్మికుడి నుంచి ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుముకు 30,000 రూపాయల పరిమితి ఉంది. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా దొరుకుతుంది. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత నియామక సంస్థ కూడా ఉంది. ఇందులో రహస్యం ఏదీ లేదు. కానీ జనం ఏ మాటలతో అడుగుతారో ఆ మాటల్లో ఇవి రాసి లేవు. లక్షలు అడిగే దళారికి 35,400 అన్న ఒక్క అంకె సరైన జవాబు. అడిగిన క్షణంలో అది కళ్లముందుకు రాకపోతే ఎక్కడ ఉండి ఏం లాభం?

ఎందుకు రాదో తెలియాలంటే సెర్చ్ ఇంజిన్ పని తెలియాలి. అది ముందే పేజీలన్నీ తిరిగి చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో సూచిక రాసి పెట్టుకుంటుంది. ఒక పేజీకి వేరే సైట్లు ఇచ్చే లింకును సిఫారసుగా లెక్కగట్టవచ్చన్న ఆలోచన మీదే లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ స్థాపించారు. నేడు వందల సంకేతాలు కలిసినా మూలం అదే: పేజీలో అడిగినవాడి మాటలు ఉండాలి, నమ్మదగ్గవాళ్లు దాన్ని చూపించాలి. మన దగ్గర మొదటి మెట్టులోనే దెబ్బ తగులుతోంది. ప్రభుత్వ కరపత్రాన్ని డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంట్లతో కొట్టించి, ఫొటోగానో పీడీఎఫ్‌గానో సైట్‌లో పెడతారు. మనిషి కంటికి అది చక్కటి తెలుగే. యంత్రానికి మాత్రం అనూ అక్షరాలు అర్థం లేని ఇంగ్లిష్ గుర్తుల వరుస. ఫొటోలోని అక్షరాలనూ అది ప్రతిసారీ సరిగ్గా చదవలేదు. అదే విషయాన్ని యూనికోడ్ తెలుగులో మామూలు పాఠంగా రాస్తే ఆ చిక్కే ఉండదు.

రెండో చిక్కు పేర్లది. తెలుగులో కోరుట్ల ఒక్కటే. ఇంగ్లిష్‌లో మునిసిపాలిటీ ఒక వర్ణక్రమం వాడితే, ఎన్నికల సంఘం నియోజకవర్గాల జాబితాలో ‘కొరట్ల’ అని చదవాల్సిన మరో వర్ణక్రమం ఉంటుంది. జగిత్యాలకూ సిరిసిల్లకూ ఇదే తిప్పలు. పైగా చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. పేజీ రాసేటప్పుడే ఈ రూపాలను సహజంగా వాక్యాల్లో కలుపుకుంటే ఎవరు ఎలా అడిగినా దొరుకుతుంది. జనం ఏ మాటలతో వెతికి మన పేజీకి చేరారో చూపే సెర్చ్ కన్సోల్ అనే సాధనాన్ని గూగుల్ ఉచితంగానే ఇస్తోంది. దాన్ని నెలకోసారి తెరిచి చూసే ఉద్యోగి ఒక్కరు చాలు.

ఇదే సూత్రం సిరిసిల్ల సాంచాలకూ, అంటే మరమగ్గాలకూ వర్తిస్తుంది. 2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్ వేల కుటుంబాలకు పని ఇచ్చింది. ఆ ఆర్డర్ ఆగినప్పుడు సాంచాలూ ఆగాయి. సాంచాల మీద బతికే ఆసాములు, పడుగు సిద్ధం చేసే వార్పిన్, వైపని కార్మికులు రోడ్డెక్కారు. కొనేవాడు ఒక్కడే అయితే వచ్చే ముప్పు అది. బయటి కొనుగోలుదారు స్కూలు యూనిఫాం బట్టకోసమో, పెట్టీకోటు గుడ్డకోసమో వెతికినప్పుడు అతనికి నూలు రకం, పన్నా, కనీసం ఎన్ని మీటర్లు, ఎన్నాళ్లలో పంపుతారు, ఫోన్ నంబరు కావాలి. జీ-20 చిహ్నాన్ని మగ్గంపై నేసి పంపిన సిరిసిల్ల నేతన్న వెల్ది హరిప్రసాద్‌ను 2022 నవంబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. అలాంటి ప్రశంసతో ఊరి పేరు దేశమంతా మోగుతుంది, ఆ వారం వెతికేవాళ్లూ పెరుగుతారు. వాళ్లను ఆర్డర్ దాకా తెచ్చేది మాత్రం ఆ వివరాలన్నీ ఉన్న ఒక్క పేజీ.

డబ్బు పెట్టి ఏజెన్సీకి ఇస్తే మొదటి స్థానం వస్తుంది కదా అని అడగవచ్చు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ప్రకటనకు డబ్బు కట్టవచ్చు, అసలు ఫలితాల్లో చోటు కొనలేం. కొన్న లింకులతో అమెరికాలో జేసీ పెన్నీ దుకాణాల సంస్థ ముందు వరుసకు ఎక్కిందని 2011లో బయటపడింది. గూగుల్ దాన్ని వెనక్కి నెట్టేసింది. పస లేని రాతలపై 2011లో పాండా, దొంగ లింకులపై 2012లో పెంగ్విన్ అనే మార్పులను గూగుల్ తన పద్ధతిలో తెచ్చింది. ఇప్పుడంతా వీడియోలూ ఏఐ జవాబులే కదా అన్నది మరో మాట. ఏఐ జవాబు కూడా ఎవరో రాసిన పేజీలను చదివే చెబుతుంది. తెలుగులో నికరమైన పేజీ లేకపోతే అది దళారి రాసిన దాన్నే వల్లిస్తుంది. మోసగాడూ ఇదే విద్య నేర్చుకుంటాడన్నది నిజంగా బరువైన అభ్యంతరం. అవును, నేర్చుకుంటాడు. కానీ జిల్లా వెబ్‌సైటు, విశ్వవిద్యాలయం, పత్రికలు ఇచ్చే లింకులు అతనికి తేలిగ్గా దొరకవు. ప్రభుత్వ పేజీకి అవి అడిగితే వస్తాయి. ఇంత పైచేయి ఉండీ వాడుకోకపోవడమే మన తప్పు.

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కలెక్టరేట్లు, టామ్‌కామ్, నేత సహకార సంఘాలు కలిసి జనం ఎక్కువగా అడిగే ప్రశ్నలు పోగు చేయాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ, ఆ ప్రశ్నే శీర్షిక, మొదటి వాక్యంలోనే జవాబు, కింద తేదీ, ఫోన్ నంబరు. మామూలు ఫోన్‌లో, బలహీన సిగ్నల్‌లో కూడా తెరుచుకునేంత తేలిక. నియమం మారిన రోజే పేజీ మారాలి. పని జరిగిందో లేదో తేల్చడానికి సమీక్షా సమావేశం అక్కర్లేదు. కోరుట్ల బస్టాండులో నిలబడి ఫోన్‌లో ‘గల్ఫ్ ఏజెంటుకు ఎంత కట్టాలి’ అని తెలుగులో అడిగి చూడాలి. పైవరుసలో 35,400 కనిపిస్తే జరిగినట్టు.