వేలంలో దొరకని 02

కారు కొన్నాక దాని నంబరు కోసం మళ్లీ డబ్బు పెట్టాలా? మా కంబదూరులో ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. అడగడానికి అన్ని కార్లు లేవు. ఇప్పుడు జేసీబీ తిప్పేవాళ్లు, బెంగళూరులో సెంట్రింగ్ కాంట్రాక్టు పట్టినవాళ్లు, టమాటా ఒక్క ఏడాది కలిసొచ్చినవాళ్లు షోరూముకు పోతున్నారు. కారుతోపాటే నంబరు మాటా మొదలవుతోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అప్పు తెచ్చి నంబరు కొనడం తప్పు. డబ్బు పెట్టి కొనదగిన నంబరు మాకు ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ అమ్మడం లేదు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. బండి నంబరు రాయకుండా ఏ రోజూ డ్యూటీ మొదలయ్యేది కాదు. ఇప్పటికీ ఎదురుగా ఏ వాహనం వచ్చినా నా కన్ను ముందు నంబరు మీదికే పోతుంది.

నా మేనల్లుడికి ఆరెకరాల మెట్ట, ఒక జేసీబీ ఉన్నాయి. జేసీబీ మీద ఇంకా ఫైనాన్సు కంతులు నడుస్తున్నాయి. పోయిన ఏడాది కారు కొన్నాడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో తయారైన కియా. మన నేల మీద తయారైన బండి అని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. లైఫ్ ట్యాక్సే లక్ష దాటింది. ఆ పైన నంబరు మాట ఎత్తాడు. ‘కూడితే తొమ్మిది రావాల మామా, అంతే’ అన్నాడు.

తొమ్మిదే కావాలంటే దానికి ఇంత ఖర్చు అక్కర్లేదని లెక్క వేసి చూపించాను. తొమ్మిదితో శేషం లేకుండా భాగించగలిగే ఏ సంఖ్య అంకెలనైనా కూడుతూ పోతే చివరికి తొమ్మిదే మిగులుతుంది. ఒకటి నుంచి 9999 దాకా అలాంటి సంఖ్యలు 1,111 ఉన్నాయి. అంటే ప్రతి తొమ్మిది నంబర్లలో ఒకటి వాడు కోరుకున్నదే. 4158 తీసుకో, నాలుగూ ఒకటీ అయిదూ ఎనిమిదీ కలిపితే పద్దెనిమిది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిది, దీనికి వేలంలో ఎవడూ పోటీకి రాడు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, ‘దాన్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారు మామా?’ అన్నాడు.

ఆ మాటతో నాకు సంగతి అర్థమయింది. వాడికి కావలసింది గ్రహబలం కాదు, నలుగురి గుర్తింపు. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. సీమలో పుట్టినవాళ్లకు నంబరు బలం ఏమిటో తెలుసు. వెనకా ముందూ సుమోలు, స్కార్పియోలు, అన్నింటికీ ఒకే నంబరు. లోపల కూర్చున్న మనిషి ముఖం కనిపించక ముందే నంబరు చూసి అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డ రోజులు మా తరం చూసింది. అలా లేచి నిలబడ్డవాళ్లలో మా మేనల్లుడి నాయన కూడా ఉన్నాడు. ఆయన కొడుకు తన బండినీ పదిమంది గుర్తుపట్టాలనుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. అయితే ఆ గుర్తింపుకు వాడు కట్టిన ధర చూడండి.

ఆన్‌లైన్ వేలంలో పోటీ పెరిగి, రుసుముతో కలిపి ఎనభై వేల దాకా పోయింది. ఆ డబ్బు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు పదహారు వందలు వడ్డీ. 2025-26 సంవత్సరానికి కేంద్రం వేరుశనగకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఎనభై వేలంటే పదకొండు క్వింటాళ్ల కాయ. అదీ మద్దతు ధర చేతికి అందితే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది. అదీ అదనుకు పడదు. ఎర్ర గరుగు నేలల్లో వానాధారం మీద ఎకరాకు మూడు నాలుగు క్వింటాళ్లు చేతికొస్తే పంట పండిందనే చెప్పుకుంటాం. వాడు మూడెకరాల పంట నాలుగు అంకెలకు ఇచ్చాడు. విత్తనం, ఎరువు, కలుపు కూలీ, కాయ వలిచే కూలీ నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇచ్చినదానికి చేతిలో ఏం మిగిలిందని అడగాలి కదా. బంగారం కుదువ పెట్టుకోవచ్చు, గొర్రెను సంతకు తోలవచ్చు. నంబరుకు అలాంటి గతి లేదు. మన దగ్గర మామూలుగా అది బండికి అంటుకుని ఉంటుంది, కారు అమ్మితే దానితోపాటే పోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాడు టైర్లు చూస్తాడు, ఇంజను చూస్తాడు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాడు. కూడితే ఎనిమిది వచ్చే నంబరైతే ధర తగ్గించమంటాడు గానీ, తొమ్మిది వచ్చిందని ఎనభై వేలు ఎక్కువ ఇచ్చేవాణ్ణి నేను చూడలేదు. బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ డీవీఎల్ఏ అనే ప్రభుత్వ సంస్థ 1989 నుంచి నంబర్లు అమ్ముతోంది. కొన్నవాడు ఒక కారు నుంచి తీసి ఇంకో కారుకు పెట్టుకోవచ్చు, కావాలంటే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పేరులోని అక్షరాలు వచ్చేలా ఎంచుకోవచ్చు కూడా. అక్కడ నంబరు ఒక ఆస్తి. ఇక్కడ అది ఖర్చు, అంతే. పెళ్లిలో బాణసంచాకు పెట్టిన డబ్బు ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పైగా ఇక్కడ కొనేది నాలుగు అంకెలనే, ప్లేటును కాదు. 2019 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన కొత్త బండ్లన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అదే అల్యూమినియం రేకు, అదే అక్షరాల తీరు, మూలన అదే అశోకచక్రం హోలోగ్రామ్. పాతిక లక్షలు పెట్టినవాడికీ ఏమీ పెట్టనివాడికీ ప్లేటు ఒక్కటే. 8055ను ‘బాస్’ అని చదివించేలా అంకెలు వంకరగా రాయించుకున్న బండ్లు మా రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అది చట్టవిరుద్ధం, పట్టుకుంటే జరిమానా.

పాతిక లక్షలన్నది ఊరికే అన్న మాట కాదు. 2024లో హైదరాబాద్ ఖైరతాబాద్ ఆర్టీఏలో టీజీ 09 9999 నంబరు ఇరవై అయిదున్నర లక్షలకు పోయింది. మరుసటి ఏడాది కేరళలో 0007 నంబరుకు దాదాపు 46 లక్షలు వచ్చాయి. 2025 నవంబరులో హర్యానాలో హెచ్ఆర్ 88 బి 8888 నంబరుకు ఒకరు కోటీ పదిహేడు లక్షలు పాడారు. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. తీరా గడువులోగా ఆయన డబ్బు కట్టలేదు. ధరావతు పోయింది, ఆయన ఆదాయంపై విచారణ జరపాలని అక్కడి మంత్రి ఆదేశించారు.

ఉన్నవాళ్లు పాడుకుంటే నాకు అభ్యంతరం లేదు, ప్రభుత్వం వాళ్ల దగ్గర ఇంకా గట్టిగా వసూలు చేసినా మంచిదే. కోరుకున్న నంబరుకు రాష్ట్రాలు రుసుము తీసుకోవచ్చని 2020 ఆగస్టులో మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరినీ బలవంతపెట్టకుండా వచ్చే ఆదాయం అది. దుబాయ్‌లో 2023లో ‘పి 7’ అనే నంబరు అయిదున్నర కోట్ల దిర్హమ్‌లకు అమ్ముడుపోయింది. ఆ డబ్బు పేదలకు అన్నం పెట్టే నిధికి చేరింది. అలాంటి చోట నంబరు కొన్నవాడి పేరు పది కాలాలు నిలిచినా నిలవవచ్చు. నా బాధ వడ్డీకి తెచ్చి వేలంలో నిలబడే మా పిల్లల గురించి. మన రాష్ట్రంలో జిల్లాల కోడ్లు పోయి ఒకే కోడ్ వచ్చాక వాళ్లు పోటీ పడేది అనంతపురం వాళ్లతో మాత్రమే కాదు, విజయవాడ, విశాఖ వాళ్లతో కూడా. అక్కడ వ్యాపారం చేసేవాడికి ఎనభై వేలు ఒక పూట ఖర్చు. ఆ వేలంలో మెట్ట రైతు కొడుకు గెలిచినా నష్టపోయినట్టే.

ఆ ఒకే కోడ్ గురించే అసలు చెప్పాలనుకున్నది.

మోటారు వాహనాల చట్టం 1989 జూలైలో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి వాడుకలోకి వచ్చిన జిల్లా కోడ్లలో అనంతపురానికి ఏపీ 02 దక్కింది. దాదాపు ముప్పై ఏళ్లు అది మా బండ్ల మీద ఉంది. రైతు ట్రాక్టరుకూ అదే, కలెక్టరు కారుకూ అదే. ఎవరూ వేలం పాడలేదు, ఎవరికీ పైసా కట్టలేదు. మా జిల్లా మనిషి ఎక్కడ ఉన్నా ఆ రెండు అంకెలు చూసి ఆగేవాడు. హైదరాబాద్ హైవేలో టైరు పంక్చరయి నిలబడితే ఏపీ 02 లారీ ఆగేది. ‘ఏ ఊరప్పా మీది?’ అని అడిగిన తర్వాతే డ్రైవరు జాకీ దించేవాడు.

బెంగళూరు సర్వీసులో ఉన్నప్పుడు మెజెస్టిక్ బస్టాండులో ఒక పెద్దామె నేరుగా మా బస్సు దగ్గరికి వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో సంచి. బోర్డు చూడలేదు, ఎవరినీ అడగలేదు. కొడుకూ కోడలూ పని చేసే కట్టడం దగ్గర మనవడికి జ్వరం తగిలితే ఊరికి తీసుకుపోతోంది. బోర్డు చదువుకున్నావా అవ్వా అంటే తల అడ్డంగా ఊపింది. చదువు రాదు, కన్నడమూ రాదు. ‘సున్నా రెండు ఉంటే మనూరి బస్సని నా కొడుకు చెప్పినాడు నాయనా’ అంది. అంతమంది జనంలో, అన్ని బస్సుల మధ్య ఆమెను ఇంటి దారి పట్టించినవి ఆ రెండు అంకెలే. కరువు వచ్చినప్పుడల్లా ఊళ్లకు ఊళ్లు బెంగళూరు బస్సెక్కిన ప్రాంతం మాది. అలాంటి చోట బండి నంబరు ఊరి పేరంత పని చేసింది.

2019 జనవరి ఆఖరి వారంలో రెండు సంగతులు జరిగాయి. పెనుకొండలో కియా తన మొదటి కారును ట్రయల్‌గా బయటికి తెచ్చింది. అదే వారంలో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే కోడ్ అని ప్రభుత్వం ప్రారంభించింది. మా జిల్లా కార్లు తయారు చేయడం మొదలుపెట్టిన వారమే, ఆ కార్ల మీద మా జిల్లా గుర్తు లేకుండా పోయింది.

ఒకే కోడ్‌కు కారణాలు ఉన్నాయి, కాదనను. కొన్ని జిల్లాల్లో సిరీస్‌లు త్వరగా అయిపోతాయి, కొన్నిచోట్ల మిగిలిపోతాయి. బండి ఎక్కడిదో తెలుసుకోవడానికి పోలీసులకు ప్లేటు మీద జిల్లా కోడ్ అక్కర్లేదు, కంప్యూటరులో క్షణంలో తెలుస్తుంది. అయినా పక్క రాష్ట్రాలు ఆ గుర్తు తీసేయలేదు. మా పొలిమేర దాటితే పావగడ. అక్కడి నుంచి మా సంతకు వచ్చే బండ్ల మీద మధుగిరి కోడ్ కేఏ 64 ఇప్పటికీ కనిపిస్తుంది. తెలంగాణ 2024 మార్చిలో టీఎస్‌ను టీజీగా మార్చింది, జిల్లా అంకెలను మాత్రం అలాగే ఉంచింది. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా రెండయింది. పక్క మండలం రామగిరి శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది, మేం అనంతపురంలో మిగిలాం. ఇచ్చిపుచ్చుకోవడాలూ పెళ్లిళ్లూ అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. 02 ఉండి ఉంటే అది రెండు జిల్లాల ఉమ్మడి గుర్తుగా మిగిలేది.

రవాణా శాఖను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. 9999 కోసం వేలం నడిపే వెబ్‌సైటులోనే ఇంకొక గడి పెట్టండి. రాష్ట్రమంతటి ఒకే కోడ్ వద్దు, మా పాత జిల్లా కోడ్ కావాలి అనేవాళ్లు దాన్ని ఎంచుకునే వీలు ఇవ్వండి. వేలం వద్దు, పోటీ వద్దు. నిర్ణీత రుసుము, అయిదు వందలు పెట్టినా సరే. ట్రాక్టరుకు, ఆటోకు, స్కూటరుకు అన్నింటికీ ఒకటే ధర. నా మేనల్లుడు ఎనభై వేలతో కొనబోయిన గుర్తింపు ఇలా ఒక్కడికి కాకుండా జిల్లా అంతటికీ దొరుకుతుంది, ఎవరూ వడ్డీకి పోనక్కర్లేదు. చిత్తూరు వాళ్లు 03, కడప వాళ్లు 04 అడుగుతారు, అడగనివ్వండి. ఖజానాకు వచ్చేదే గానీ పోయేది ఏమీ లేదు.

సొంత వాహనం రిజిస్ట్రేషన్‌కు గడువు పదిహేనేళ్లు. 2019 జనవరిలో చివరగా ఏపీ 02 వేయించుకున్న బండ్లకు 2034లో ఆ గడువు తీరుతుంది. కొన్ని రెన్యువల్ అవుతాయి, ఎక్కువ భాగం తుక్కుకు పోతాయి. ఈ వీలు కల్పించేదేదో అంతకు ముందే కల్పించాలి.