పన్ను ఎవరిది, పాయింట్లు ఎవరివి?

పన్ను కట్టడం మన ఇళ్లల్లో ఎప్పుడూ నిట్టూర్పుతో చేసే పనే. మార్చి నెల వస్తోందంటే మగవాళ్ల మొహాలు ముడుచుకుంటాయి. ఇంటిపన్ను నోటీసు వస్తే ఆడవాళ్ల చెయ్యి పోపుల డబ్బా వైపు పోతుంది. అలాంటి పన్ను ఈమధ్య కొందరికి పండగలా కనిపిస్తోంది. ఆదాయపు పన్నుని క్రెడిట్ కార్డు మీద కడితే పాయింట్లు వస్తాయట, ఆ పాయింట్లు పోగుచేస్తే విమానం టికెట్టు వస్తుందట! హైదరాబాదులో ఉద్యోగాలు చేసే కొడుకులూ, అమెరికాలో ఉండే అల్లుళ్లూ చెప్పగా చెప్పగా ఆ మాట మన ఆత్మకూరు, ఉదయగిరి దాకా వచ్చింది. "ఎట్లాగూ కట్టాల్సిన డబ్బే కదా, ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం ఎందుకు?" అంటున్నారు.

ఊరికే ఎవరిస్తారు? ఈ ప్రశ్న అడగడం ఇల్లాలికి అలవాటే. ఒక చీర కొంటే ఇంకోటి ఉచితం అన్న బోర్డు చూడగానే, ఆ మొదటి చీర అసలు ధర ఎంతో కనుక్కోనిదే ఆమె కొట్టు గడప ఎక్కదు. పన్ను దగ్గరా ఆ పనే చేద్దాం.

కార్డు మనకి మరీ కొత్తదేం కాదు. మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చింది. దేశంలో ఆ పని మొదలుపెట్టిన తొలి బ్యాంకుల్లో అదొకటి. (2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) సరిగ్గా అదే 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే విమాన సంస్థ తరచూ ప్రయాణం చేసేవాళ్లకి మైళ్లు లెక్కగట్టి ఉచిత టికెట్లిచ్చే పథకం పెట్టింది. రానురాను కార్డూ మైళ్లూ జోడీ కట్టాయి. విమానం ఎక్కకపోయినా, ఉప్పూ పప్పూ కొన్నా మైళ్లు వచ్చే రోజులొచ్చాయి.

ఇంతకీ ఆ పాయింట్లు ఎక్కణ్ణించి వస్తాయి? మనం కొట్లో కార్డు గీకితే, కొట్టు యజమాని నూటికి రెండు రూపాయల దాకా బ్యాంకులకి ఇచ్చుకుంటాడు. అందులోంచి కొంత మనకి పాయింట్లుగా వస్తుంది. పన్ను దగ్గర మాత్రం ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోదు, కట్టేవాళ్ల మీదే పడుతుంది. ఒక రకంగా అది న్యాయమే. ఒకరి విమానం టికెట్టు కోసం అందరి డబ్బూ ఎందుకు ఖర్చు కావాలి?

లెక్క చూద్దాం. లక్ష రూపాయల పన్ను కార్డు మీద కట్టారనుకోండి. చార్జీ బ్యాంకుని బట్టి మారుతుంది. సుమారు ఒక శాతం అనుకుంటే 1,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, 180. మొత్తం 1,180 చేతినించి పోయినట్టే. మామూలు కార్డు మీద వంద రూపాయలకి ఒక పాయింటు, పాయింటు విలువ పావలా అయితే వచ్చేది 250. అంటే 930 రూపాయలు నష్టం. మంచి ఖరీదైన కార్డు ఉండి, దాని మీద 2,000 రూపాయల విలువ వస్తే 820 మిగులు. అలాంటి కార్డుకి ఏటా కట్టే రుసుము వేరే ఉంటుంది. పైగా ఈ కొన్నేళ్లలో చాలా బ్యాంకులు ప్రభుత్వానికి కట్టే సొమ్ముని పాయింట్ల జాబితాలోంచి తీసేశాయి. చార్జీ పోతుంది, పాయింటు రాదు. కార్డు షరతుల కాగితంలో 'ప్రభుత్వ చెల్లింపులు' అన్న మాట ఎక్కడుందో వెతికి చదవాల్సింది అందుకే.

అమెరికా అల్లుడి మాట అబద్ధం కాదు. అక్కడ పన్నుల శాఖ తరఫున కార్డు సొమ్ము తీసుకునే ప్రైవేటు సంస్థలు నూటికి 1.75 నుంచి 1.85 డాలర్ల దాకా తీసుకుంటాయి. అంతకంటే ఎక్కువ విలువ ఇచ్చే కార్డు ఉన్నవాళ్లకి గిట్టుబాటే. కానీ అక్కడి కార్డులు వేరు, ఇక్కడి షరతులు వేరు. పక్కింటి కొలతలకి కుట్టిన రవిక మనకి సరిపోతుందా?

అసలు ప్రమాదం మిగులు 820 రూపాయల దగ్గర లేదు, గడువు దగ్గర ఉంది. బిల్లు మొత్తం గడువులోగా కట్టకపోతే కార్డు మీద వడ్డీ నెలకి మూడు, మూడున్నర శాతం పడుతుంది. మన పల్లెల భాషలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ! ఊళ్లో వడ్డీవ్యాపారి ఆ మాటంటే "ఇదేం అన్యాయం నాయనా" అని మనమే కేకలేస్తాం. లక్ష రూపాయల బాకీ ఒక్క నెల ఆగితే 3,500 వడ్డీ, దాని మీద జీఎస్టీ 630. మొత్తం 4,130. 820 మిగులుద్దని మొదలుపెట్టిన పనికి ఇదీ ఫలితం. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వెయ్యడం తప్పని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది కానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఆ అడ్డుకట్ట ఇప్పుడు లేదు. మన జాగ్రత్తే మనకి రక్ష.

ఇక ఆడవాళ్లుగా మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. పాయింట్లు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

చిన్న ఊళ్లల్లో కొట్టు భార్య పేరుమీద ఉంటుంది, ఇల్లు భార్య పేరుమీద ఉంటుంది. అంటే పన్ను కూడా ఆమె పేరుమీదే. కార్డు మాత్రం ఆయనది. ఆమె పర్సులో ఉండేది ఆయన కార్డుకి అనుబంధంగా ఇచ్చిన రెండో కార్డు. దానిమీద ఆమె ఎంత ఖర్చు పెట్టినా పాయింట్లు చేరేది ఆయన ఖాతాలోకే. గడువులోగా కట్టిన మంచిపేరు కూడా ఆయనదే. రేపు ఆమె కుట్టుమిషన్ల దుకాణం పెట్టుకుందామని బ్యాంకుకి పోతే, ఆమెకి అప్పు తీర్చిన చరిత్రే ఉండదు. ఇంకొన్ని ఇళ్లల్లో దీనికి తలకిందులు. తన కార్డు పరిమితి అయిపోయిందని భార్య పేరున కార్డు తీయిస్తారు. వాడేది ఆయన, బాకీదారు ఆమె. కట్టకపోతే బ్యాంకువాళ్లు ఫోను చేసేది ఆమెకి.

ఆ వచ్చిన టికెట్టు మీద ఎవరు వెళ్తారన్నది మరో మాట. ఉదయగిరి నుంచి విమానం ఎక్కాలంటే తిరుపతికో చెన్నైకో పోవాలి. ఆ కారు కిరాయి పాయింట్లు ఇవ్వవు. ఉచిత టికెట్టు మీద కూడా పన్నులూ చార్జీలూ చేతినించే కట్టాలి. దాచుకుందామంటే పాయింట్లకి గడువు ఉంటుంది. విమాన సంస్థలకీ ఆయుష్షు ఉంటుంది. 2012లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయినప్పుడు జనం పోగుచేసుకున్న మైళ్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. బీరువాలో బంగారంలా దాచేవి కావు ఇవి.

మరి మామూలు ఇళ్లకి పన్నులో లాభం లేనే లేదా? ఉంది. ఆత్మకూరు లాంటి మున్సిపాలిటీల్లో ఏడాది ఇంటిపన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా కడితే 5 శాతం రాయితీ ఇస్తారు. 3,000 పన్నుకి 150 రూపాయలు మిగులుతాయి. ఏ కార్డూ అక్కర్లేదు. అదే ఆలస్యం చేస్తే నెలకి 2 శాతం వడ్డీ. ఆదాయపు పన్ను అయితే 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పడదు. జీతగాళ్లకి జీతంలోనే కోసేస్తారు గనుక కార్డు ప్రసక్తే రాదు. మిగిలిన వ్యాపారులూ డాక్టర్లూ యూపీఐ మీద చార్జీ లేకుండా కట్టొచ్చు. పన్నులకి ఆ పరిమితిని రిజర్వు బ్యాంకు 2024లో 5 లక్షలకి పెంచింది.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఆడవాళ్ల సంగతి చూడండి. ఆ పనితనానికి దేశమంతా గుర్తింపు ఉంది. వాళ్లల్లో ఎందరో ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన చూసి ఉండరు. కానీ పన్ను కట్టనివాళ్లు మాత్రం కారు. కొన్న సబ్బులో, చెప్పుల్లో, సెల్‌ఫోను రీచార్జిలో జీఎస్టీ కడుతూనే ఉన్నారు. కొట్లవాళ్లు కార్డులకి ఇచ్చుకునే చార్జీ సరుకుల ధరలో కలిసిపోతుంది. నోట్లిచ్చి కొనే ఈ ఇల్లాలు కూడా ఆ భారం మోస్తోంది. పాయింట్లు మాత్రం ఆమెకి రావు. ఆమెకి వచ్చిన ప్రయాణం వేరే ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు టికెట్టు డబ్బు లేకుండా వెళ్లొచ్చు. అందరూ కట్టిన పన్ను ఆమెని నెల్లూరు ఆసుపత్రికీ, పుట్టింటికీ తీసుకుపోతోంది. పన్ను కట్టడానికి అసలైన ప్రతిఫలం ఇదే కదా!

కార్డు వద్దని కాదు. డబ్బు ముందే బ్యాంకులో పక్కన పెట్టి, షరతులు చదివి, చార్జీ కంటే విలువ ఎక్కువని తేలాకే కార్డు మీద కట్టండి. అప్పు తెచ్చి మాత్రం కట్టొద్దు. జీతం చీటీ లేని గృహిణికి కూడా ఫిక్స్‌డ్ డిపాజిట్ చూపిస్తే చాలా బ్యాంకులు కార్డు ఇస్తాయి. ఆయన కార్డుకి తోకలా ఉండేకంటే, చిన్నదైనా మీ పేరున ఒకటి తీసుకుని ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టండి. మీ పేరున ఉన్న కార్డుకి ప్రతి నెలా వచ్చే బిల్లుని మీరే చదవండి.

ఈసారి మీ ఇంట్లో పన్ను కట్టే మాట వచ్చినప్పుడు వంటింట్లోనే ఉండిపోకండి. బయటికొచ్చి కూర్చోండి. పన్ను ఎవరి పేరున, కార్డు ఎవరి పేరున, బాకీ ఎవరి పేరున, పాయింట్లు ఎవరి పేరున అని అడగండి. ఆ నాలుగు పేర్లూ తేలాకే టికెట్ల మాట ఎత్తనివ్వండి.