భయం కథకీ ఒడ్డు ఉండాలి

మొన్న వేసవి సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని మా పుట్టింటికి, వినగడప వెళ్ళాను. తిరువూరు దగ్గర పల్లె మాది. అక్కడి పిల్లలకి తెలిసిన నీళ్ళంటే కట్టలేరే. ఎండాకాలం ఇసుక, వానాకాలం పొంగు. సముద్రం మాకు చాలా దూరం. అయినా ఆ రాత్రి కరెంటు పోయి, అందరం డాబా ఎక్కి చాపలు పరుచుకోగానే పిల్లలు అడిగింది సముద్రం కథే. అదీ దయ్యాలున్నది!

నాకూ హుషారొచ్చింది. ‘మేరీ సెలెస్ట్’ ఓడ కథ ఎత్తుకున్నాను. 1872 డిసెంబరులో అట్లాంటిక్ మహాసముద్రం మీద దిక్కూ దివాణం లేకుండా తేలుతూ కనిపించిన ఓడ అది. తిండి ఉంది, మంచినీళ్ళున్నాయి, సరుకుంది. మనుషులే లేరు. కెప్టెను, ఆయన భార్య, వాళ్ళ రెండేళ్ళ పాప, ఏడుగురు నావికులు, మొత్తం పదిమంది ఏమయ్యారో ఈనాటికీ తేలలేదు. టీ కప్పుల్లోంచి ఇంకా పొగలొస్తున్నాయని కూడా చెప్పాను. అది తర్వాతివాళ్ళు కల్పించిన ముక్క. తెలిసీ చెప్పాను, పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంటే నోరూరుకోదు కదా!

“అమ్మమ్మా, మరి ఆ పాప ఏమైంది?” అంది తొమ్మిదేళ్ళ మనవరాలు.

“ఎవరికీ తెలీదు” అన్నాను. ఇంతలో కరెంటొచ్చింది. కథ అక్కడే వదిలేసి, పాలు తోడు పెట్టాలని కిందికి దిగిపోయాను.

ఆ రాత్రి ఆ పిల్ల నిద్రపోలేదు. రెండుసార్లు ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. తెల్లారి మా అమ్మాయి దిష్టి తీసి, నా వంక తిరిగి, “ఇంకెప్పుడూ పిల్లలకి ఇలాంటి కథలు చెప్పకమ్మా” అంది. నేను మారు మాట్లాడలేదు. తప్పు నాదే మరి. ఓడకుండే చిన్న పడవ కూడా కనపడలేదు. అంటే వాళ్ళని ఏ దయ్యమూ ఎత్తుకుపోలేదు, ఏదో ప్రమాదం శంకించి తామే పడవలోకి దిగి ఉంటారు. ఆ ఒక్కమాట చెప్పి, పిల్ల పక్కన ఇంకో పావుగంట కూర్చుంటే సరిపోయేది.

కానీ భయం కథలే వద్దనడానికి నాకు మనసొప్పలేదు. మా చిన్నప్పుడు బైండు చేసిన పాత చందమామల కోసం కొట్టుకునేవాళ్ళం. 1954లో వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’లో ఓడలెక్కి వెళ్ళినవాళ్ళకి మాంత్రికులు ఎదురవుతుంటే, చిత్రా గారి బొమ్మలు చూసి వణికేవాళ్ళం. అయితే ఒంటరిగా చదవలేదు. ఒకళ్ళు పైకి చదివితే నలుగురం ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని వినేవాళ్ళం. అదే తేడా.

ఆ సాయంత్రం పిల్లని దగ్గరికి తీసుకుంది మా వదిన. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి పన్నెండేళ్ళది. ఆ రాత్రి దాదాపు పదివేలమందిని సముద్రం పొట్టన పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ సంగతి పిల్లల ముందు ఎత్తగా నేను వినలేదు. ఆ రోజు మాత్రం అన్నం కలిపి ముద్దలు పెడుతూ కథలాగే చెప్పింది.

“గాలి ఏనుగులా ఘీంకరించింది. చీకట్లో సముద్రమే ఇంటికొచ్చింది. ఓ పిల్ల తుమ్మచెట్టు పట్టుకుంది. ముళ్ళు గుచ్చుకుంటున్నా వదల్లేదు. తెల్లారేసరికి నీళ్ళు తీశాయి.”

“మరి ఆ పిల్ల ఏమైంది?” మళ్ళీ అదే ప్రశ్న.

“ఇదుగో, నీకు ముద్ద పెడుతోందిగా!”

పిల్ల ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. చేతులు పట్టుకుని ముళ్ళ మచ్చలు వెతికింది. తర్వాత, “మన కట్టలేరు అలా వస్తే మనం ఏది ఎక్కాలి?” అనడిగింది. డాబా ఎక్కాలని తేల్చుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మా వదినకి తెలియకపోయినా, ఆవిడ చేసిన పనే ఇండోనేషియాలో సిములూ ద్వీపపు అమ్మలూ అమ్మమ్మలూ చేశారు. 1907లో అక్కడ సునామీ వచ్చి ఎందరినో మింగింది. దాన్ని వాళ్ళు ‘స్మాంగ్’ అంటారు. భూమి గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని కథల్లో, జోలపాటల్లో తరతరాలుగా పిల్లలకి చెప్పుకొచ్చారు. 2004 డిసెంబరు 26న భూమి కదిలింది. “స్మాంగ్” అని అరుచుకుంటూ అంతా కొండలెక్కారు. దాదాపు 78 వేలమంది ఉన్న ఆ ద్వీపంలో పోయింది ఏడుగురే. అదే రోజు ఎంతో దూరంలో ఉన్న మన కోస్తాలో వందమందికి పైగా చనిపోయారు.

మా కట్టలేటి నీళ్ళు మున్నేటి మీదుగా కృష్ణలో కలిసి, దివిసీమలో హంసలదీవి దగ్గర సముద్రం చేరతాయి. ఆ దారినే ఆ భయం కథలు మన ఊళ్ళకి తిరిగి రావాలి. ఉప్పెన చూసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతున్నారు. వాళ్ళతోపాటే ఆ కథలూ పోతే ఎలా?

కాబట్టి అమ్మలూ, భయం కథలు మానేయకండి. మరీ పసివాళ్ళకి వద్దు. కాస్త ఊహ తెలిసినవాళ్ళకి చెప్పండి. ఏది నిజమో, ఏది కల్పనో అడిగితే దాచకండి. నడిసముద్రంలో వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఒడ్డుకి చేర్చి, నిద్రపట్టేదాకా పక్కన ఉండండి. మనం చెప్పకపోతే దుప్పటి కింద సెల్‌ఫోను చెబుతుంది. అది పిల్లని దగ్గరికి తీసుకోదు, ముద్ద కలిపి పెట్టదు.

మా అమ్మాయి ఇప్పుడు వాళ్ళ అత్తయ్యకి ఫోను చేసి, ఆ ఉప్పెన కథ మొదటినుంచీ చెప్పించుకుని నోటుపుస్తకంలో రాసుకుంటోంది. మీ ఇంట్లో అలాంటి అత్తయ్య ఎవరైనా ఉన్నారేమో, ఈ ఆదివారం ఓసారి అడిగి చూడండి.