వేషం కట్టే సరదా

పంట ఇంటికి చేరి పొలం పనులు తగ్గాక మన పల్లెల్లో ఒకప్పుడు నాటకం పని మొదలయ్యేది. పగలు అరక దున్నినవాళ్లు, కొట్టు నడిపినవాళ్లు, పాఠాలు చెప్పిన మేష్టార్లు రాత్రి భోజనాలయ్యాక రామాలయం దగ్గర చేరేవారు. హార్మోనిస్టును పిలిపించుకుని తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలు వారాల తరబడి వల్లె వేసేవారు. చదువు రానివాడు కూడా విని విని నోటికి పట్టేవాడు. హార్మోనిస్టుకు ఇచ్చేది, డ్రెస్సుల అద్దె, మైకు సెట్టు ఖర్చు తలా కొంత వేసుకునేవారు. ఇంతా చేసి ఆడేది ఒక్క రాత్రి. శ్రుతి తప్పినా వన్స్‌మోర్ కొట్టే బావమరుదులు ముందు వరసలోనే ఉండేవారు. తెల్లారితే కృష్ణుడు పాలు పితకడానికి వెళ్లాల్సిందే.

పల్లెల్లోనే కాదు. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ వకీళ్లే. కోర్టు పని చూసుకుంటూనే తెలుగు నాటకాన్ని నిలబెట్టారు. ప్రతిభ ఉంది కనుక వాళ్ల పేర్లు మిగిలాయి. ఊళ్లో కర్ణుడి వేషం కట్టినాయన పేరు పొలిమేర దాటలేదు. కిరీటం పెట్టుకున్న క్షణాన ఆయన పొందిన సంబరం మాత్రం రాఘవ సంబరానికి తీసిపోతుందని అనుకోలేం.

ఇవాళ ఎవరైనా ఓ బొమ్మ వేసినా, ఊలుతో ఏదైనా అల్లినా వెంటనే వచ్చే మాట ఒకటే: ‘‘బాగుందే, ఛానెల్ పెట్టకూడదూ?’’ మెచ్చుకోలే, కాదనం. కానీ ఆ మాట మనసులో పడ్డాక కుంచె పట్టుకున్నప్పుడల్లా చూసేవాళ్ల లెక్కే గుర్తొస్తుంది. పిల్లల సంగతి మరీను. సంగీతమంటే సర్టిఫికెట్, డ్రాయింగంటే పోటీ. పదో తరగతి రాగానే రెండూ బంద్.

ఇలాంటి సరదాలకు తీరిక లేదనడం అందరి విషయంలో సాకు కాదు. షిఫ్టు డ్యూటీలవాళ్లకు, ఇంటి చాకిరీ కూడా నెత్తిన ఉన్న ఆడవాళ్లకు అది నిజమే. నిజానికి ఆ నాటకాల రాత్రులు కూడా చాలావరకు మగవాళ్లవే. ద్రౌపది వేషం సైతం మగవాడే కట్టేవాడు. రిహార్సల్ ముగించుకుని ఏ అర్ధరాత్రో వచ్చే భర్తకు తలుపు తీసిన ఇల్లాలికి ఏం సరదా ఉండేదో ఎవరూ అడగలేదు. ఆమె ముగ్గు, అల్లిక, పాట అన్నీ ఇంటి పనుల ఖాతాలోకే వెళ్లాయి. ఇప్పటికీ చాలా ఇళ్లలో అంతే.

ఆదివారం ఒక పూట వంటిల్లు మిగతావాళ్లు చూసుకుంటే ఇల్లాలు రంగులు ముందేసుకు కూర్చోవచ్చు. నెమలి కాస్తా కోడిలా వచ్చినా నష్టమేమీ లేదు. దాన్ని గోడకు తగిలించనక్కర్లేదు, ఫోనులో ఎవరికీ పంపనక్కర్లేదు. మధ్యలో ‘‘కాఫీ ఎక్కడుంది?’’ అని కేకేయకుండా ఉంటే చాలు.