శుక్రవారం కాదు, సోమవారం లీవు పెట్టండి

కొచ్చి వెళ్దామనుకునే మన హైదరాబాద్ కుర్రాళ్ల ప్లాన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. శుక్రవారం లీవు, పొద్దున్నే ఫ్లైటు, ఆదివారం రాత్రికి ఇంటికి. మున్నారుకో, అలెప్పీకో అయితే ఈ లెక్క చెల్లుతుంది. ఫోర్ట్ కొచ్చి, మట్టంచేరి చూడాలంటే మాత్రం చెల్లదు. అక్కడ వారం మన ఆఫీసు క్యాలెండర్ ప్రకారం నడవదు మరి.

మట్టంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. దాని పక్కనే పరదేశి సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం. వాళ్లకి శనివారం సబ్బాతు. అది శుక్రవారం సూర్యుడు దిగడంతోనే మొదలైపోతుంది. కాబట్టి శుక్ర, శనివారాల్లో మనలాంటి చూడొచ్చేవాళ్లకి అక్కడ పని లేదు. ఆదివారం ఉదయం చర్చిల్లో ఆరాధనలు. మిరియాలు, శొంఠి గోదాములుండే బజార్ రోడ్డు ఆదివారం నిద్రపోతుంది. శుక్రవారం దిగి ఆదివారం తిరిగొచ్చేవాళ్లు ఊళ్లో మూడు రోజులున్నట్టే ఉంటుంది. అసలైన చోట్లు చూసేందుకు మిగిలేది ఆదివారం ఒక పూట. ఆ పూట కూడా ఫ్లైటు టైమ్ అయిపోతోందని వాచీ చూసుకుంటూనే గడుస్తుంది.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది. వాళ్లమ్మని మొదటిసారి విమానం ఎక్కించాలని వాడి కోరిక. "అక్కా, నేను, అమ్మ, చెల్లి. మూడు రోజులు. స్పాట్స్ లిస్టు పంపవా" అన్నాడు. లిస్టుదేముంది, ఫోన్లో కొడితే పాతిక వస్తాయి. అసలు చిక్కు పిన్నితో. బాబాయి పోయాక ఆవిడ ఊరు దాటిందంటే తిరుపతికే. "అక్కడ నాకేముందిరా, చర్చీలూ చేపల వలలూ. మీరిద్దరూ వెళ్లిరండి" అంటోందట. పైగా శనివారం ఒక్కపొద్దు. కేరళ అంటే కొబ్బరినూనె వాసన తప్ప ఆవిడకి ఇంకేం గుర్తురాదు.

నేను పిన్నికే ఫోన్ చేసి మట్టంచేరిలో వెంకటేశ్వరస్వామి ఉన్నాడని చెప్పాను. "కొచ్చిలోనా?" అంది. అవును, చెర్లాయిలో. పేరు కూడా కొచ్చిన్ తిరుమల దేవస్వం. కొంకణి మాట్లాడే గౌడ సారస్వతుల గుడి అది. గోవాలో పోర్చుగీసు వాళ్ల ధాటికి తట్టుకోలేక 16వ శతాబ్దంలో వీళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి తీరం వెంట దక్షిణానికి వచ్చారు. తమాషా ఏంటంటే, కొచ్చిలో కూడా అప్పటికే పోర్చుగీసు వాళ్లున్నారు. అయినా ఇక్కడ బతకగలిగారంటే కొచ్చి రాజు ఆసరా వల్లే. యూదుల కథా దాదాపు ఇదే. వాళ్లకి రాజు తన ప్యాలెస్ పక్కనే చోటిచ్చాడు. 1568లో సినగాగు కట్టుకున్నారు. 1662లో పోర్చుగీసులు దాన్ని పాడుచేస్తే, డచ్చివాళ్లు వచ్చాక మళ్లీ నిలబెట్టుకున్నారు. ఈ మాటలన్నీ విని పిన్ని అడిగిందొక్కటే: "శనివారం దర్శనం ఉంటుందా?"

అక్కడితో ప్లాన్ దానంతటదే కుదిరింది. సినగాగు మూసి ఉండే శనివారమే మన వెంకన్న వారం. ఉదయం ఫ్లైటులో దిగి, రూములో సామాను పడేసి, సాయంత్రం గుడికి. కేరళ గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, అందుకని ఎండలో పరిగెత్తే పని పెట్టుకోవద్దు. మగవాళ్లు చొక్కా విప్పాలి, ప్యాంటు బదులు పంచె కట్టుకోవాలి. తమ్ముడు ఇప్పట్నుంచే సిగ్గుపడుతున్నాడు. పడనీ.

పిన్ని ఫలహారానికి మట్టంచేరిలోనే గుజరాతీ రోడ్డు ఉంది. వ్యాపారానికొచ్చి తరాల కిందట స్థిరపడ్డ గుజరాతీల వీధి. స్వీట్లు, ఫర్సాన్, శాకాహారం. అక్కడే ఓ జైన మందిరం కూడా. మట్ట బియ్యం అన్నం లావుగా, ఎర్రగా ఉంటుంది. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే తెల్లన్నం ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోండి. రెండో రోజుకి మొహాలు మారిపోయేది అన్నం దగ్గరే.

ఆదివారం ప్యాలెస్, సినగాగు. ప్యాలెస్ అంటే గోల్కొండనో చౌమహల్లానో ఊహించుకోకండి. బయటికి పెద్ద పెంకుటిల్లులా ఉంటుంది. పోర్చుగీసులు కట్టి రాజుకిచ్చారు, డచ్చివాళ్లు బాగుచేశారు, లోపల పడకగది గోడల నిండా రామాయణం. పిన్నికి ఇక్కడ గంట చాలదు. సినగాగులో నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలం, తెలుపు పలకలు, చేత్తో బొమ్మలు వేసినవి. చెప్పులు బయటే వదలాలి. నిక్కర్లూ, చేతుల్లేని టాప్‌లూ వద్దు. ఫోన్ తీసేముందు అడగండి.

ఒక సంగతి మాత్రం తెలిసి వెళ్లండి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇక్కడి యూదులు చాలామంది వెళ్లిపోయారు. ఇప్పుడు మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. జ్యూ టౌన్ అనే ఆ వీధిలో శాలువలు, పాత సామాన్లు అమ్మేవాళ్లలో చాలామంది కశ్మీరీలు. నా స్నేహితురాలు ఒకామె అక్కడ పాత కిటికీల ముందు నలభై ఫొటోలు దిగింది, ఆ ఇళ్లు ఎవరివని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు అది నచ్చలేదని ఆమెకీ చెప్పాను.

దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకి ఇంకో మెలిక. యూదుల క్యాలెండరూ మన పంచాంగంలాగే చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తుంది. వాళ్ల పెద్ద పండుగలు కొన్ని సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న మన విజయదశమీ, వాళ్ల ఉపవాస దినం యోమ్ కిప్పూరూ ఒకే రోజు పడ్డాయి. అధిక మాసాల లెక్క తేడాలవల్ల అన్నేళ్లూ ఇలా కలవవు. కానీ ఆ రెండు నెలల్లో వెళ్తే యూదుల సెలవులు చూసుకున్నాకే టికెట్ కొట్టండి. పండుగ రోజుల్లోనూ సినగాగు మూసేస్తారు.

సోమవారానికి బజార్ రోడ్డు లేచి కూర్చుంటుంది. పొద్దున్నే అటు నడవండి, మిరియాలు కొనుక్కోండి. తర్వాత సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. 1524లో కొచ్చిలోనే చనిపోయిన వాస్కో డ గామాని ముందు పాతిపెట్టింది ఇక్కడే, తర్వాత అస్థికలు పోర్చుగల్‌కి తీసుకెళ్లారు. చర్చి మాత్రం కేథలిక్కుల నుంచి డచ్చి ప్రొటెస్టెంట్లకి, వాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లకి, ఇప్పుడు సీఎస్ఐకి చేతులు మారింది. ఆటో ఎక్కి ఊరికే "పల్లి" అనకండి. మలయాళంలో చర్చీ పల్లే, మసీదూ పల్లే, సినగాగూ పల్లే. ఏ పల్లి అని అడుగుతారు.

చైనా వలలు ఎప్పుడైనా చూడొచ్చు, దానికో పూట కేటాయించక్కర్లేదు. వల లాగనిచ్చి డబ్బులడుగుతారు, ముందే మాట్లాడుకోండి. బినాలే చూడాలని తమ్ముడి ఆశ. 2012లో మొదలైన ఈ కళాప్రదర్శన రెండేళ్లకోసారి డిసెంబరు నుంచి మార్చి దాకా ఉంటుంది. అది లేని ఏడాది దాని పేరు చెప్పి వెళ్తే ఖాళీ గోదాములే. డిసెంబరు 31న పప్పాంజి బొమ్మను తగలబెట్టే కార్నివాల్ రద్దీలోకి మాత్రం పిన్నిలాంటివాళ్లని తీసుకెళ్లొద్దు. జూన్, జులైల్లో వాన. గొడుగుతో రీల్స్ తీయాలంటే మీ ఇష్టం.

బస ఫోర్ట్ కొచ్చి హోమ్‌స్టేలోనే చూసుకోండి, ఎర్నాకుళంలో వద్దు. నెడుంబస్సేరి ఎయిర్‌పోర్టు నుంచి ఇక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎర్నాకుళం వైపు పనుంటే హైకోర్టు దగ్గర్నుంచి వాటర్ మెట్రో ఉంది. సర్కారు పాత బోటు ఇంకా చవక, పిల్లలు దాన్ని వద్దంటారుగానీ పిన్నికి అదే నచ్చుతుందని నా పందెం.

తమ్ముడు నిన్న సోమవారానికి లీవు అడిగాడు. మేనేజరు ఇంకా ఒప్పుకోలేదు. పిన్ని మాత్రం పంచె కొనేసింది.