బడికి బండి ఎందుకు?

పెట్రోలు లీటరు వంద దాటిందని మన ఇళ్ళల్లో గొణగని రోజు లేదు. ఆ నోటితోనే “బండెక్కు, బడి దగ్గర దించేస్తా” అంటారు. ఈ రెండు మాటలకూ పొసగదని నా వాదన. పెద్దలు కోపగించుకోకుండా వినాలి.

లెక్క చూద్దాం. ఇల్లు బడికి 5 కిలోమీటర్లు అనుకోండి. నాయన పొద్దున దించేసి ఉత్త బండితో ఇంటికి పోతాడు. సాయంత్రం ఉత్త బండితో వచ్చి ఎక్కించుకొని పోతాడు. పిల్లవాడు పోయి వచ్చింది 10 కిలోమీటర్లు, బండి తిరిగింది 20. లీటరుకు 50 ఇచ్చే బండి అయితే 200 రోజుల బడికి 80 లీటర్లు, అంటే 8,000 రూపాయల పైమాటే. అందులో సగం వెనక సీటు ఖాళీగా తిప్పినందుకు! లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ లెక్కన ఒక్క పిల్లవాడి బడికి ఏడాదికి 184 కిలోలు.

తమిళనాడులో బడి పిల్లలకు బస్ పాస్ ఉచితం. 2021 మే నుంచి ఆడవాళ్ళకు సాధారణ టౌన్ బస్సుల్లో టికెట్ లేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ప్లస్ వన్ చేరితే సైకిలు ఇస్తారు. ఆ సైకిలు తుప్పు పట్టి గోడకు ఆనుకొని ఉన్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. పంక్చరు వేయించడానికి బద్ధకం, బండి కొనడానికి మాత్రం అప్పు! చెన్నై–తిరుపతి రోడ్డులో లారీల మధ్య సైకిలు తొక్కమని నేను అనడంలేదు. ఊరి లోపల రెండు కిలోమీటర్లకు ఏం భయం?

నా ఈడువాళ్ళు కొందరు స్కూటీ మీదే వస్తారు (పేర్లు చెప్పను, కొడతారు). 2019లో మార్చిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే తండ్రికో, బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు కూడా పడవచ్చు.

“బస్సు టైముకు రాదు గదా” అంటారు. ఈ మాట మాత్రం నిజం. తమిళ బడి ప్రతి ఊళ్ళో ఉంది, తెలుగు మీడియం బడికి దూరం రావాలి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినా పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. అటునుంచి బండి ఉన్నవాళ్ళు దించిపోతారు. బండి లేనివాళ్ళు విసిగిపోయి పిల్లను పక్కనున్న బడిలో చేర్చేస్తారు. మన బడిలో పిల్లలు తగ్గిపోతున్నారని టీచర్లు బాధపడేది ఇందుకే గదా!

బండి ఉన్న నాయనలు బస్సు కావాలని అడగరు. ఎక్కేవాళ్ళు తక్కువైతే ఆఫీసువాళ్ళు ఆ ట్రిప్పు తీసేస్తారు. అప్పుడు ఇంకో నాయన ఇంకో బండి కొంటాడు. మీ బండివల్ల మీ పిల్లకు ఏ నష్టమూ లేదు, నష్టమంతా ఆ బస్సు కోసం నిలబడిన పిల్లది.

తిరువళ్లూరు నుంచి వచ్చే టీచర్లకు కూడా ఒక మనవి: లోకల్ రైలు కరెంటుతో నడుస్తుంది, తిరుత్తణి దాకా వస్తుంది.

టెన్త్ స్పెషల్ క్లాసు అయిదున్నరకు ముగుస్తుంది, మా బస్సు అయిదుంబావుకే పోతుంది. క్లాసు పొద్దునకు మార్చండి, లేకుంటే బస్సు అర్ధగంట ఆలస్యంగా వదలమని అర్జీ పెడదాం. వచ్చే పేరెంట్స్ మీటింగులో కాగితం నేనే రాసి తెస్తాను. బండి ఉన్నవాళ్ళు ముందు సంతకం పెట్టాలి.